ఊపిరి నిలిస్తే పాట నిలుస్తుంది



పెళ్ళిపందిట్లో సన్నాయి విన్నాం. భజనలో పిల్లనగ్రోవి విన్నాం. తిరునాళ్ళలో పిల్లనగ్రోవులు అమ్మేవాణ్ణి చూశాం. పిల్లవాడు మారాం చేస్తే ఒకటి కొనిచ్చాం. ఇంటికొచ్చి వాడు ఊదితే ‘బుస్’మని గాలి వచ్చింది. పాట రాలేదు. అమ్మినవాడు ఊదినప్పుడు మాత్రం అదే పిల్లనగ్రోవి కమ్మగా పలికింది.

ఎందుకని? వెదురు అదే. బెజ్జాలు అవే. మారింది ఒక్కటే. ఊదే ఊపిరి మారింది.

పిల్లనగ్రోవి నేర్చుకోవాలని కొందరు అక్కలకు ఆశ ఉంటుంది. కొందరి ఇళ్ళలో ఆడపిల్లలు నేర్చుకుంటామని అడుగుతారు. అప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు అంటారు: “ఆడదానికి అంత ఊపిరి ఎక్కడిది?” ఈ మాట నిజమేనా? ఊపిరి అంటే బలమా? నేర్పా? ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. పిల్లనగ్రోవి ఎట్లా పలుకుతుంది?

పిల్లనగ్రోవినే వేణువు అంటారు. మురళి అని కూడా అంటారు. అది ఒక వెదురు గొట్టం. ఒక చివర మూసి ఉంటుంది. మూసిన చివరకు దగ్గరగా నోటి బెజ్జం ఉంటుంది. మిగిలినవి వేళ్ళ బెజ్జాలు. మన కర్ణాటక సంగీతంలో వాడే వేణువుకు వేళ్ళ బెజ్జాలు 8 ఉంటాయి. ఉత్తరాది బాన్సురీకి సాధారణంగా 6 ఉంటాయి. రెండింటినీ అడ్డంగా పట్టుకునే ఊదుతారు.

చాలామంది గాలిని బెజ్జం లోపలికి ఊదాలని అనుకుంటారు. అది పొరపాటు. గాలి బెజ్జం అవతలి అంచుకు తగలాలి. అంచుకు తగిలిన గాలి కొంత లోపలికి పోతుంది. కొంత బయటికి పోతుంది. ఇట్లా లోపలికీ బయటికీ ఊగుతూ గొట్టంలోని గాలిని కదిలిస్తుంది. ఆ కదలికే మనకు వినిపించే నాదం.

ఖాళీ సీసా మూతి మీద అడ్డంగా ఊది చూడండి. ‘బూ’మని మోగుతుంది. మూతి లోపలికి నేరుగా ఊదితే మోగదు. పిల్లనగ్రోవిదీ అదే కిటుకు.

ఇప్పుడు పొయ్యి సంగతి గుర్తు తెచ్చుకోండి. కట్టెల పొయ్యి ఊదే గొట్టం మనకు తెలుసు. గబుక్కున గట్టిగా ఊదితే ఏమవుతుంది? బూడిద ఎగిరి కళ్ళలో పడుతుంది. మంట రాదు. సన్నగా, నిదానంగా, ఒకే తీరుగా ఊదితే నిప్పు రాజుకుంటుంది. మంట లేస్తుంది. పిల్లనగ్రోవికి కావలసింది కూడా అటువంటి ఊపిరే.

కాబట్టి మొదటి మాట ఇది. గాలి ఎక్కువ కావడం ముఖ్యం కాదు. గాలి ఒకే తీరుగా రావడం ముఖ్యం.

2. ఊపిరితిత్తి అంటే తిత్తే

మన భాషలో ఎంత మంచి మాట ఉందో చూడండి. ఊపిరితిత్తి. కమ్మరి కొలిమిలో తిత్తి ఉంటుంది. తిత్తి తెరుచుకుంటే గాలి లోపలికి వస్తుంది. తిత్తి ముడుచుకుంటే గాలి బయటికి పోతుంది. మన రొమ్ములో కూడా అటువంటి తిత్తులు రెండు ఉన్నాయి.

అయితే తిత్తి తనంతట తాను తెరుచుకోదు. కమ్మరి దాన్ని లాగాలి. మన ఊపిరితిత్తులను లాగేది ఎవరు?

ఊపిరితిత్తుల కింద ఒక కండరం ఉంది. తెరిచిన గొడుగులాగా ఉంటుంది. పైన ఊపిరితిత్తులు. కింద పొట్ట. నడుమ ఈ గొడుగు. దీన్ని పుస్తకాల్లో ఉదరవితానం అంటారు. డాక్టర్లు డయాఫ్రం అంటారు. మనం గాలి పీల్చినప్పుడు ఈ గొడుగు కిందికి దిగుతుంది. పైన చోటు పెరుగుతుంది. ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. గొడుగు కిందికి దిగినప్పుడు పొట్టలోని పేగులు కాస్త ముందుకు జరుగుతాయి. అందుకే గాలి పీల్చినప్పుడు పొట్ట ముందుకు వస్తుంది. పక్కటెముకలు కూడా పక్కలకు విచ్చుకుంటాయి.

నిద్రపోతున్న పసిబిడ్డను చూడండి. భుజాలు కదలవు. పొట్ట లేస్తుంది, దిగుతుంది. అదే సరైన ఊపిరి. మనం కూడా అట్లా పుట్టినవాళ్ళమే. పెద్దయ్యాక ఆ అలవాటు తగ్గిపోతుంది. కంగారు, పరుగు, వంగి చేసే పని, బిగించి కట్టిన చీర కుచ్చెళ్ళు, పొట్ట లోపలికి పట్టుకునే అలవాటు. వీటన్నిటి వల్ల ఊపిరి పైపైనే ఆడుతుంది. ‘గట్టిగా గాలి పీల్చు’ అంటే వెంటనే భుజాలు ఎగరేస్తాం. భుజాలు ఎగరేస్తే మెడ బిగుస్తుంది. గొంతు బిగుస్తుంది. లోపలికి వచ్చే గాలి మాత్రం తక్కువే.

పెద్దవాళ్ళు ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. ఒక్కో ఊపిరికి సుమారు అర లీటరు గాలి ఆడుతుంది. నిండుగా పీల్చి పూర్తిగా వదిలితే అంతకు ఎన్నో రెట్లు గాలి వస్తుంది. అంటే మన తిత్తుల్లో చోటు చాలా ఉంది. ఆ చోటును మనం వాడుకోవడం లేదు.

3. పట్టు అంటే ఏమిటి?

సంగీతం నేర్పే వాళ్ళు ‘ఊపిరి మీద పట్టు ఉండాలి’ అంటారు. పట్టు అంటే బిగదీయడం కాదు. మరి ఏమిటి?

బుడగ ఊదండి. మూతి వదిలేయండి. ‘సుర్ర్’మని గాలంతా ఒక్కసారే పోతుంది. మన ఊపిరితిత్తులు కూడా అటువంటివే. నిండుగా గాలి పీల్చిన వెంటనే అవి ముడుచుకోవాలని చూస్తాయి. గాలి మొదట్లోనే తోసుకుని వస్తుంది. అందుకే పాట మొదట్లో మోత ఎక్కువ. చివర్లో గాలి ఉండదు. స్వరం వణుకుతుంది. కిందికి జారిపోతుంది.

బావిలో చేద వేసేటప్పుడు మనం ఏం చేస్తాం? తాడు ఒక్కసారి వదలం. పట్టి పట్టి వదులుతాం. ఊపిరి కూడా అంతే. మొదట్లో ఆపి ఆపి వదలాలి. పక్కటెముకలు వెంటనే కుంగిపోకుండా విచ్చుకునే ఉంచాలి. గాలి సగం అయిపోయాక ఆపే పని తగ్గుతుంది. అప్పుడు పొట్ట కండరాలు మెల్లగా లోపలికి తోయాలి. నీళ్ళ చేదను చేయి మార్చి చేయి మార్చి పైకి లాగినట్టు తోయాలి. కుదుపు ఉండకూడదు.

మొదట ఆపడం, చివర తోయడం. ఈ రెండూ కలిస్తేనే పట్టు. పట్టు పొట్ట దగ్గర ఉంటుంది. గొంతు, పెదవులు, వేళ్ళు వదులుగా ఉంటాయి.

4. వదినా మరదళ్ళ మాటలు

ఇద్దరూ మిరప కోతకు పోయే వాళ్ళే. వదిన భజనలో పిల్లనగ్రోవి ఊదుతుంది. మరదలు కొత్తగా నేర్చుకుంటోంది.

“వదినా, నాకు ఇది రావట్లా. రెండు నెలలైంది. ఇంకా బుస్సుబుస్సు మంటానే ఉంది. ఈ పిల్లనగ్రోవి మంచిది కాదేమో. ఇంకోటి కొందామా?”

“ఏదీ, ఇటియ్యి. కడిగి తుడిచి ఇయ్యి. ... విన్నావుగా, ఇది బాగానే పలుకుతోంది. దీని తప్పేం లేదు. డబ్బు దండగ చేయబాకు. నువ్వు ఊదు, చూస్తా.”

“ఇట్టా?”

“ఆగాగు. బుగ్గలు బూరెల్లాగా పొంగించావేంది? భుజాలు చెవుల దాకా పోయినయ్యి. నువ్వు కూర్చోవడమే వంగి కూర్చున్నావు. పొట్ట మడతబడితే గాలి ఎక్కడికి పోద్ది?”

“పొద్దస్తమానం వంగి కాయలు కోసి కోసి నడుం అట్టానే ఉండిపోయింది వదినా.”

“నాకూ అట్టానే ఉండేది. గోడకి వీపు ఆనించి కూర్చో. చీర కుచ్చెళ్ళు కాస్త వదులు చేసుకో. ఆఁ. ఇప్పుడు చెయ్యి పొట్ట మీద పెట్టుకో. నోరు కొంచెం తెరిచి గాలి పీల్చు. చెయ్యి ముందుకు రావాల.”

“వచ్చింది.”

“ఇప్పుడు బస్తా ఎత్తేటప్పుడు పొట్ట ఎట్టా నిలబెడతావు?”

“గట్టిగా పెడతా.”

“ఆ చోటే. అంత గట్టిగా వద్దు. బస్తాకి పెట్టే బలంలో పావలా వంతు చాలు. ఇప్పుడు పెదవులు చిన్నగా చెయ్యి. బియ్యపు గింజ దూరేంత సందు చాలు. ఊదు.”

మరదలు ఊదింది. బుస్సు తగ్గింది. సన్నగా ఒక స్వరం వచ్చింది. కాసేపు నిలిచింది. ఆ తరువాత వణికింది.

“వదినా, వచ్చింది గానీ నిలవలా!”

“వచ్చింది గదా. నిలబెట్టడం రోజూ చేస్తే వస్తది. పాట కోసం తొందరపడబాకు. ముందు ఒక్క స్వరం చూసుకో.”

5. రోజూ చేసే సాధన

రోజుకు 15 నిమిషాలు చాలు. ఒక్కరోజు గంట చేసి వారం మానేయడం కంటే రోజూ కొంచెం చేయడం మంచిది. భోజనం చేసిన వెంటనే చేయవద్దు. రెండు గంటలు ఆగాలి. గాలి ఆడే చోట కూర్చోవాలి. పొయ్యి దగ్గర కూర్చోవద్దు.

మొదటి మెట్టు: పడుకుని ఊపిరి.
చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడవండి. పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. గాలి పీల్చండి. పుస్తకం పైకి లేవాలి. గాలి వదలండి. పుస్తకం మెల్లగా దిగాలి. గబుక్కున పడకూడదు. ఇట్లా 10 సార్లు.

రెండో మెట్టు: ‘స్స్’ లెక్క.
లేచి నిటారుగా కూర్చోండి. గాలి నిండుగా పీల్చండి. ‘స్స్స్’ అంటూ వదలండి. ఆ శబ్దం మొదట ఎట్లా ఉందో చివర కూడా అట్లాగే ఉండాలి. ఎవరినైనా 1, 2, 3 అని లెక్కపెట్టమనండి. శబ్దం వణికిన చోట ఆపేయండి. ఆ లెక్క పుస్తకంలో రాసుకోండి. మొదట 8 వస్తుందో 10 వస్తుందో. దిగులు పడవద్దు. 20 దాకా పోవడానికి కొన్ని వారాలు పడుతుంది.

మూడో మెట్టు: కాగితం ముక్క.
వేలెడంత కాగితం ముక్క తీసుకోండి. నోటికి జానెడు దూరంలో పై కొస పట్టుకోండి. సన్నగా ఊదండి. కాగితం వాలుతుంది. ఎంత వాలిందో అంతే వాలి ఉండాలి. ఎగిరెగిరి పడితే ఊపిరి కుదుపుతోందని అర్థం. దీపంతో కూడా ఇది చేస్తారు. కొంగుకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. మనకు కాగితమే మేలు.

నాలుగో మెట్టు: ఒకే స్వరం.
ఇప్పుడు పిల్లనగ్రోవి పట్టుకోండి. మోచేతులు పక్కటెముకలకు నొక్కి పెట్టవద్దు. నోటి బెజ్జం కింది పెదవి కింద ఆనించండి. మీకు తేలిగ్గా పలికే ఒక్క స్వరం ఎంచుకోండి. దాన్నే ఊదండి. మనసులో లెక్కపెట్టండి. ఊపిరి అయిపోకముందే ఆపండి. గాలి కొంచెం మిగిలి ఉండగానే ఆపితే స్వరం చివర కూడా చక్కగా ఉంటుంది. 10 సార్లు చేయండి. ఒక్కోసారి పిల్లనగ్రోవిని వెంట్రుకవాసి అటూ ఇటూ తిప్పండి. నాదం నిండుగా వచ్చే చోటును చెవి చెబుతుంది. ఆ చోటు గుర్తుపెట్టుకోండి.

ఐదో మెట్టు: చిన్నగా, పెద్దగా, చిన్నగా.
అదే స్వరం చిన్నగా మొదలుపెట్టండి. మెల్లగా పెద్దది చేయండి. మళ్ళీ చిన్నది చేయండి. స్వరం పైకీ కిందికీ జారకూడదు. ఇది కష్టమైన మెట్టు. నాలుగో మెట్టు కుదిరాకే దీనికి పోవాలి.

ఆరో మెట్టు: ఊపిరి తీసే చోటు.
చదివేటప్పుడు మనం మాట మధ్యలో ఆగం. చుక్క దగ్గర ఆగుతాం. పాటలో కూడా అంతే. మాట విరగకుండా ఊపిరి తీసుకోవాలి. ముందు పాట నోటితో పాడండి. ఎక్కడ ఆగితే బాగుందో చూడండి. కాగితం మీద పాట రాసుకుని ఆ చోట గీత పెట్టుకోండి. పిల్లనగ్రోవి మీద కూడా అక్కడే ఊపిరి తీయండి.

ఒక జాగ్రత్త. గబగబా పెద్ద పెద్ద ఊపిర్లు తీస్తే తల తిరుగుతుంది. వేళ్ళు జిల్లుమంటాయి. ఒంట్లోని బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోవడం వల్ల అట్లా జరుగుతుంది. వెంటనే ఆపండి. మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చోండి. నిండు గర్భిణులు, కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళు, రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి చేయాలి.

6. తప్పు ఎక్కడుంది?

పిల్లనగ్రోవి మనకు అబద్ధం చెప్పదు. వచ్చే నాదాన్ని బట్టి తప్పు ఎక్కడుందో తెలుసుకోవచ్చు.

బుస్సుమని గాలి ఎక్కువ, నాదం తక్కువ. – పెదవుల సందు పెద్దదైంది. లేదా గాలి అంచుకు తగలడం లేదు. సందు చిన్నది చేయండి. పిల్లనగ్రోవి కొంచెం తిప్పి చూడండి.

స్వరం ఉన్నట్టుండి కీచుమని పైకి ఎగిరింది. – గాలి వేగం ఎక్కువైంది. నెమ్మదిగా ఊదండి.

పై స్వరాలు అసలు రావడం లేదు. – గాలి వేగం చాలలేదు. బలంగా ఊదవద్దు. పెదవుల సందు ఇంకా చిన్నది చేసి పొట్ట దగ్గర పట్టు కాస్త పెంచండి.

స్వరం చివర వణికి, కిందికి జారింది. – మొదట్లోనే గాలి ఖర్చయిపోయింది. చేద తాడు గుర్తు తెచ్చుకోండి.

రెండు మూడు స్వరాలకే మెడ నొప్పి, గొంతు నొప్పి. – ఊపిరి భుజాల్లోంచి తీస్తున్నారు. మళ్ళీ మొదటి మెట్టుకు పోండి.

కింది స్వరాలు రావడం లేదు. – ఊపిరి తప్పు కాకపోవచ్చు. వేలు బెజ్జాన్ని పూర్తిగా మూయడం లేదేమో చూడండి.

7. మన నేల మీద ఊపిరి విద్య

ఊపిరితో నాదం పలికించే విద్య మన పత్తి చేలకు, మిరప చేలకు కొత్తది కాదు. మన ప్రాంతం నాదస్వరానికి పేరు పొందింది. ఊళ్ళలో దాన్ని సన్నాయి అనే అంటాం. పిల్లనగ్రోవిలో గాలి అంచుకు తగులుతుంది. నాదస్వరంలో చివర ఒక చిన్న పీక ఉంటుంది. ఊదితే ఆ పీక అదురుతుంది. రెండింటికీ తేడా ఉంది. నాదస్వరానికి ఇంకా ఎక్కువ ఊపిరి ఒత్తిడి కావాలి. కానీ రెండింటికీ ప్రాణం ఒక్కటే. పొట్టలోంచి వచ్చే నిలకడైన ఊపిరి.

ఒంగోలు దగ్గర కరవది అనే ఊరు ఉంది. 1924లో అక్కడ షేక్ చినమౌలానా పుట్టారు. అప్పుడు ఆ ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్త జిల్లా ఏర్పడింది. తరువాత దానికి ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. చినమౌలానాది తరతరాలుగా నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబం. చిలకలూరిపేటలో కూడా అటువంటి కుటుంబాలు ఉన్నాయి. రాముడి గుడిలో, హిందువుల పెళ్ళిలో మంగళవాద్యం వాయించింది ఈ కుటుంబాలే.

చినమౌలానా చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నారు. అంతటితో ఆగలేదు. తంజావూరు పద్ధతి నేర్చుకోవాలని తమిళ దేశం వెళ్ళారు. అక్కడ గురువుల దగ్గర మళ్ళీ శిష్యుడిగా కూర్చున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1999లో ఆయన కన్నుమూశారు.

ఆయన శిష్యుల్లో ఒక భార్యాభర్తల జంట ఉంది. షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్. ఇద్దరూ తెలుగువాళ్ళే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు.

అక్కలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. గాలి వాద్యాల్లో ఎక్కువ ఊపిరి కోరే వాటిలో నాదస్వరం ఒకటి. దాన్ని కాలీషాబీ అనే ఆడమనిషి భర్తతో సమానంగా కచేరీల్లో వాయించారు. మరి ‘ఆడదానికి అంత ఊపిరి ఎక్కడిది’ అనే మాట ఏమైంది?

పిల్లనగ్రోవిలో కూడా అంతే. తమిళనాడులో సిక్కిల్ సోదరీమణులు ఉన్నారు. అక్క కుంజుమణి, చెల్లెలు నీల. ఇద్దరూ కలిసి ఎన్నో ఏళ్ళు వేణువు కచేరీలు చేశారు. 2004లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. కుంజుమణి 2010లో చనిపోయారు.

ఉత్తరాదిన హరిప్రసాద్ చౌరాసియా అనే గొప్ప బాన్సురీ విద్వాంసుడు ఉన్నారు. ఆయన తండ్రి కుస్తీ వస్తాదు. కొడుకు కూడా వస్తాదు కావాలని కుస్తీ నేర్పించారు. కొడుకు మనసు మాత్రం బాన్సురీ మీదే ఉండేది. చిన్నప్పటి ఆ కసరత్తు తన ఊపిరికి పనికొచ్చిందని ఆయన చెప్పుకున్నారు. మన ఆడవాళ్ళు కుస్తీ పట్టరు. కానీ నీళ్ళ బిందెలు మోస్తారు. బస్తాలు ఎత్తుతారు. రోజంతా చేలో పని చేస్తారు. ఆ ఒంట్లో బలం లేదని ఎవరు అనగలరు? లేనిది బలం కాదు. నేర్చుకునే తీరిక, నేర్పే మనిషి.

సగటున ఆడవాళ్ళ ఊపిరితిత్తులు మగవాళ్ళ కంటే కొంచెం చిన్నవి. ఇది నిజమే. దాని వల్ల ఒకచోట ఊపిరి ముందుగా తీయవలసి రావచ్చు. నాదం అందం మాత్రం తిత్తి పెద్దదా చిన్నదా అనే దాన్ని బట్టి రాదు. ఉన్న గాలిని ఎంత పొదుపుగా వాడారు అనే దాన్ని బట్టి వస్తుంది. పొదుపు సంగతి మనకు ఒకరు చెప్పాలా?

8. పొగ, ఘాటు, దుమ్ము

ఊపిరి సాధన చేస్తూ ఊపిరిని పాడుచేసుకుంటే లాభం ఏముంది? మన పనుల్లో ఊపిరికి హాని చేసేవి మూడు ఉన్నాయి.

ఒకటి, కట్టెల పొయ్యి పొగ. అది రోజూ లోపలికి పోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దగ్గు, ఆయాసం వస్తాయి. వంటగదిలో పొగ బయటికి పోయే దారి ఉండాలి. వీలైతే గ్యాసు పొయ్యి మంచిది.

రెండు, మిరప ఘాటు. కల్లంలో కాయలు ఎండబోసేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు, బస్తాలకు ఎత్తేటప్పుడు కోరు లేస్తుంది. తుమ్ములు, దగ్గు, గొంతు మంట వస్తాయి. ముక్కుకు, నోటికి బట్ట కట్టుకోవాలి. బట్ట కొంత దుమ్మును ఆపుతుంది. సన్నని దుమ్మును పూర్తిగా ఆపదు. అందుకే గాలికి ఎదురుగా కాకుండా, దుమ్ము మన మీదికి రాని వైపు కూర్చోవాలి. ఆ పని చేసిన రోజు స్నానం చేసి, నోరు పుక్కిలించి, కాసేపు ఆగాకే పిల్లనగ్రోవి పట్టాలి. మిరప చేతులతో పిల్లనగ్రోవి ముట్టుకుంటే పెదవులు మండుతాయి. ఉత్త నీళ్ళతో ఆ మంట పోదు. ముందు చేతులకు నూనె రాసుకోండి. తరువాత సబ్బుతో కడగండి.

మూడు, పత్తి దుమ్ము. జిన్నింగు మిల్లుల్లో, నూలు మిల్లుల్లో ఏళ్ళ తరబడి పని చేసేవాళ్ళకు ఒక జబ్బు వస్తుంది. దాన్ని బిస్సినోసిస్ అంటారు. సెలవు తరువాత మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజున ఛాతీ పట్టేసినట్టు ఉంటుంది. మొదట్లో అది తగ్గిపోతుంది. పట్టించుకోకపోతే రోజూ ఉంటుంది. ఇట్లా ఉంటే డాక్టరుకు చెప్పాలి. ఏం పని చేస్తున్నారో కూడా చెప్పాలి.

రెండు వారాలకు మించి దగ్గు ఉంటే ప్రభుత్వ ఆసుపత్రికి పోండి. కళ్ళె పరీక్ష ఉచితంగా చేస్తారు. క్షయ ఉంటే మందులు కూడా ఉచితం. దగ్గు ఉన్నప్పుడు ఊపిరి సాధన ఆపాలి. ఊదితే దగ్గు పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఎవరి పిల్లనగ్రోవి వాళ్ళకే ఉండాలి. ఒకరిది ఒకరు ఊదవలసి వస్తే శుభ్రంగా తుడవాలి. ఊదడం అయ్యాక లోపలి తడి మెత్తటి బట్టతో తుడిచి నీడన పెట్టండి. ఎండలో పెడితే వెదురు చీలుతుంది.

అక్కలారా! మన ఊపిరి పుట్టిన నాటి నుంచి పొయ్యిలు ఊదింది. బరువులు మోసింది. బిడ్డలకు జోలపాడింది. ఆ ఊపిరితోనే ఒక చక్కని స్వరం కూడా పలికించవచ్చు. దానికి కావలసింది రోజుకు 15 నిమిషాలు. మీ ఇంట్లో ఆడపిల్ల పిల్లనగ్రోవి అడిగితే ‘నీకెందుకే’ అనవద్దు. ముందు చాప పరవండి. పొట్ట మీద పుస్తకం పెట్టండి. మొదటి మెట్టు మీరే నేర్పండి.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి.

1. గాలి పీల్చినప్పుడు పొట్ట ముందుకు రావాలా, లోపలికి పోవాలా? ఎందుకు?
2. ఊపిరి పట్టును బావిలో చేదతో ఎందుకు పోల్చారు?
3. చినమౌలానా ఏ ఊళ్ళో పుట్టారు?
4. మిరప పని చేశాక చేతులు ఎట్లా కడుక్కోవాలి?
5. మీ ఊళ్ళో పిల్లనగ్రోవి గానీ సన్నాయి గానీ ఊదేవాళ్ళు ఎవరు? వాళ్ళను అడిగి ఊపిరి గురించి నాలుగు వాక్యాలు రాయండి.

మీ లెక్క రాసుకోండి.

‘స్స్’ సాధనలో ఈ వారం మీకు ఎంత లెక్క వచ్చింది?

సోమవారం ........
బుధవారం ........
శుక్రవారం ........
ఆదివారం ........

కొత్త మాటలు

నాదం – వినడానికి ఇంపైన ధ్వని
స్వరం – స, రి, గ, మ, ప, ద, ని లలో ఒకటి
ఉదరవితానం – ఊపిరితిత్తుల కింద గొడుగులా ఉండే కండరం
పట్టు – ఊపిరిని అదుపులో ఉంచి వదలడం
సాధన – రోజూ చేసి నేర్చుకోవడం